తవుడుకి కొన్న పేరు

మొన్న దసరాకి వచ్చిన మా అల్లుడు ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టి, "మామయ్యగారూ, అక్షరదోషాలు ఏమైనా ఉన్నాయేమో ఒక్కసారి చూసిపెట్టండి" అన్నాడు. రిటైరై ఇరవయ్యేళ్లు కావస్తున్నా కాయితం చేతిలో పడితే ఎర్ర పెన్ను కోసం తడుముకునే జబ్బు నాకింకా పోలేదు. కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. పన్నెండు కాయితాలు. మా నాన్న రెండెకరాల మెరక అమ్మినప్పుడు కూడా ఇన్నిటి మీద వేలిముద్ర వెయ్యలేదు. ఇంతకీ వ్యవహారం ఏమిటయ్యా అంటే, మా మనవడి పేరు మార్చడం. వాడికింకా రెండేళ్లు నిండలేదు. ఉన్న పేరే పలకడం రాదు, "చిమ్మాది" అంటాడు.

వాడి పేరు సింహాద్రి. పెట్టింది నేనే, దాపరికం ఎందుకు. విశాఖపట్నంలో పుట్టాడు. ఆసుపత్రిలో జనన నమోదు ఫారం ఇచ్చేసరికి అల్లుడు ఇంకా హైదరాబాదు నుంచి రైల్లో ఉన్నాడు, అమ్మాయి నీరసంగా పడుకుని ఉంది. కాన్పు కష్టమవుతోందంటే రాత్రంతా అప్పన్నకి దండాలు పెట్టుకున్నవాణ్ణి నేను. ముప్ఫై ఆరేళ్లు అడ్మిషన్ రిజిస్టర్లు రాసిన చెయ్యి. ఖాళీ గడి కనిపిస్తే ఊరుకుంటుందా? రాసేశాను. అప్పుడెవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు బళ్లో వేసే వేళకి వాడు శ్రీహాన్ కావాలట. "అర్థమేమిటమ్మా" అన్నాను. "విష్ణుమూర్తి పేరే నాన్నా, ఫోన్‌లో చూశాం" అంది మా అమ్మాయి. విష్ణు సహస్రనామం నేను రోజూ చదువుతాను. వెయ్యి పేర్లున్నాయి. అందులో ఇది మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు.

మా రోజుల్లో పేరు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. పేరే మనల్ని వెతుక్కుంటూ వచ్చేది. తాత పోయిన ఏడాది పుట్టినవాడికి తాత పేరు. సింహాచలం మొక్కు మొక్కితే అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ. విజయనగరం అమ్మవారికి మొక్కితే పైడిరాజు, పైడితల్లి. గుంటూరు వైపు కోటప్పకొండ తిరణాలకి ప్రభ కడతామని మొక్కి కంటే కోటయ్య, కోటేశ్వరరావు. తెలంగాణలో యాదగిరి, కొమురయ్య, రాజేశం. దర్గాకి మొక్కుకుని కన్న హిందువుల పిల్లవాడు మస్తానయ్య అయ్యేవాడు, దానికెవరూ కనుబొమ్మ ఎత్తేవారు కాదు. పేరు చూసి ఊరు చెప్పొచ్చు, ఊరు చూసి దేవుణ్ణి చెప్పొచ్చు. ఇప్పుడు అపార్టుమెంటులో కిందికి దిగి "విహాన్" అని ఒక్క కేక వేస్తే ఆరుగురు పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ల అమ్మమ్మలకి నోరు తిరక్క "ఒరే బుజ్జీ" అంటున్నారు.

ఇక నా సంగతి. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోవాణ్ణి నేను. పుట్టగానే మంత్రసాని నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచిందట. పొరుగింటి ముసలమ్మ ఎత్తుకుని, "ఎవరికైనా బిడ్డ కావాలా" అని అరిచిందట. మా అమ్మ సేరు తవుడు కొలిచి ఇచ్చి నన్ను కొనుక్కుంది. ఈ వీధి నాటకం యముడి కోసం. వీడు తవుడు పాటి చెయ్యని సరుకు, దీన్ని మోసుకుపోవడం దండగ అని ఆయన అనుకోవాలి. అనుకున్నాడు. అలా నేను తవిటినాయుణ్ణి అయ్యాను. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తవిటినాయుళ్లు, తవిటమ్మలు ఎందుకంత మంది ఉంటారో ఇప్పటి పిల్లలకి తెలియదు. మిగతా చోట్ల పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ. ఒక్కో పేరు వెనక ఇద్దరో ముగ్గురో పోయిన పిల్లలుంటారు. నవ్వుకునే ముందు ఆ లెక్క చూసుకోవాలి.

నేనూ చూసుకోలేదనుకోండి. అయిదో తరగతి అయ్యాక బొబ్బిలి హైస్కూల్లో చేరాలి. అక్కడ చదువుతున్న మా మేనమామ కొడుకు ముందే హెచ్చరించాడు, "ఒరే, తవుడూ తవుడూ అని చంపేస్తారు" అని. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడోనాడు మా ఎలిమెంటరీ స్కూలు మాస్టారి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి సంగతంతా విన్నారు. లోపలికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చారు, గెడ్డం గీసుకునే బ్లేడు తెచ్చారు. ఆ గడిని సుతారంగా గీకి, గరుకు తేలినచోట గోటితో రుద్ది, "మొదటి అక్షరం ఎలాగూ 'త'యే కదా, 'త్ర' చేస్తే ఎవడికీ అనుమానం రాదు" అని 'త్రినాథనాయుడు' అని రాశారు. పుట్టినతేదీ అంతకు ముందే ఆయన దయ. 1948 జూలై 1. మా తరగతిలో సగం మందిమి జూలై ఒకటినే పుట్టాం. రికార్డు షీటు చేతికిచ్చి, "ఇంటికెళ్లి మీ నాన్నతో చెప్పు" అన్నారు. ఖర్చు: ఒక అరటిపళ్ల అత్తం. పట్టిన సమయం: ఆయన కాఫీ చల్లారేంత.

ఆ ఒక్క కాయితంతో బియ్యీడీ చదివాను, ఉద్యోగం చేశాను, 2006 జూన్ 30న రిటైరయ్యాను, పెన్షను తింటున్నాను. మా అమ్మ మాత్రం పోయేదాకా నన్ను తవిటీ అనే పిలిచింది. ఆవిడ తవుడిచ్చి కొన్నది ఆ పేరుగలవాణ్ణే కదా.

ఆ బ్లేడు తరవాత నా చేతికి వచ్చింది. నిజం చెప్పాలంటే నేను మా మాస్టారికంటే ధారాళంగా వాడాను. బళ్లో చేర్చడానికి తండ్రి పిల్లవాణ్ణి తెచ్చేవాడు. "పేరేమిటి?" "పెంటడండి." "ఛ, బాగులేదు, ప్రసాదరావు అని రాస్తున్నాను." "మీ ఇష్టం బాబూ." అంతే. పాత రిజిస్టర్లు తిరగేస్తే ముందున్న హెడ్మాస్టర్లు కొన్ని కులాల పిల్లల పేర్ల చివర 'గాడు' అని ముత్యాల్లాంటి దస్తూరీతో రాసిన గడులుండేవి. ప్రభుత్వ రిజిస్టరు అది! ఒకసారి అలాంటి పిల్లవాడికి ఐదో తరగతి రికార్డు షీటు రాస్తూ 'పోలిగాడు' ఉన్నచోట 'పోలయ్య' అని వేశాను. తండ్రికి చదువు రాదు. గుమ్మం బయటే నిలబడ్డాడు. చదివి వినిపిస్తే, "అయ్య అని రాసీసేరా బాబూ?" అని రెండుసార్లు అడిగాడు. ఇప్పుడైతే దానికి నోటరీ, రెండు పేపర్లలో ప్రకటన, గెజిట్. ఆయనకి వాటికి డబ్బెక్కడిది, వాటి దాకా నడిపించేవాడెవడు? ఈ ఒక్కటి తల్చుకుంటే ఆ బ్లేడు మీద నాకు గౌరవమే.

కానీ అదే చేత్తో ఇంకోటి చేశాను. ఒక ఏడు ఆరో తరగతిలో ముగ్గురు పైడమ్మలు పడ్డారు. హాజరు పిలిస్తే ముగ్గురూ ఒక్కసారి "ప్రెజెంట్ సార్". విసుగొచ్చి ఒకమ్మాయిని పద్మ చేశాను. ఎవర్నీ అడగలేదు. హాజరు పట్టీ సౌకర్యం చూసుకున్నాను, అంతే. పదో తరగతి మెమోలో పద్మే అచ్చయింది. ఆవిడ నాలుగేళ్ల కిందట మా ఇంటికి వచ్చింది. భర్త పోయాడు. రేషను కార్డులో పైడమ్మ, ఆధార్‌లో పైడమ్మ, భర్త బీమా కాయితంలో నామినీ పద్మ. ఆయనకి భార్య మెమో చూపించుకోవడం గొప్పగా ఉండేదట, అందుకని ఆ పేరే రాయించాడు. "ఇద్దరూ నేనేనని మీరు రాసియ్యండి మాస్టారూ" అంది. రిటైరైనవాడి రాతకి విలువేముంది? అఫిడవిట్ చేయించుకోమన్నాను, ఆటో ఖర్చులు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీరు పెట్టిన పేరు బావుండేదండి, నన్ను ఒకమాటు అడిగుంటే సరిపోను" అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఇక నామినల్ రోల్స్ సంగతి చెప్పుకుంటే సిగ్గు. పదో తరగతి పిల్లల పేర్లన్నీ ఇంగ్లీషులో రాసి బోర్డుకి పంపాలి. రాత్రి పదింటిదాకా లాంతరు దగ్గర కూర్చుని రాసేవాళ్లం. అప్పలనాయుడికి ఒకచోట రెండు 'పీ'లు, ఇంకోచోట ఒకటి. సింహాచలానికి 'హెచ్' ముందా, 'ఎం' ముందా అన్నది ఆ రాత్రి ఓపికని బట్టి. ఇంటిపేరు పొడుగ్గా ఉంటే ఒక్క అక్షరం, చుక్క. ఆ చుక్కలు ఎక్కడిదాకా వెళతాయో మాకేం తెలుసు? మా సోంపేట, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లు వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్ దేశాలకి పోవడం మొదలయ్యాక తెలిసింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, ఒంటి పేరుతో ఉన్నవాళ్లని సందర్శకుల వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పేసింది. అమెరికా వీసాలో అయితే ఒంటి పేరు తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు. పేరు తెలియదు అని దానర్థం. బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, ఊరంతటికీ శనగలు పంచిపెట్టిన పిల్లవాడు అక్కడికెళ్లి పేరు తెలియనివాడయ్యాడు! డాలస్‌లో మా తమ్ముడి కొడుకుది ఇంకో కథ. మనకి ఇంటిపేరు ముందు, వాళ్లకి వెనక. ఫారంలో తిరగబడింది. ఆఫీసులో అందరూ వాణ్ణి ఇంటిపేరుతోనే పిలుస్తారు. వాడు పలుకుతున్నాడు. ఇక్కడ ఆ కేక వేస్తే మా వీధి వీధంతా పలుకుతుంది.

సరే, అల్లుడి ఫైలుకి వద్దాం. పేరు మార్చుకోవడానికని మన దేశంలో విడిగా ఒక చట్టం లేదట. ఉన్న ముక్కలన్నీ అతుక్కోవడమే. పిల్లల విషయంలో మూలం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చెయ్యాలి. పేరు అప్పుడే చెప్పాలని లేదు. గడి ఖాళీగా ఉంచి పన్నెండు నెలల్లోపు రాయించుకుంటే పైసా అక్కర్లేదు, ఆ తరవాత కూడా ఆలస్య రుసుము కట్టి పదిహేనేళ్ల వరకూ చేర్పించుకోవచ్చు. అంటే ఆ రోజు ఆసుపత్రిలో ఆ గడి అలా వదిలేసి ఉంటే ఈ ఫైలే లేదన్నమాట. ఆ మాట అల్లుడు పైకి అనలేదు. మర్యాదస్తుడు. ఫ్యాను కేసి చూశాడు.

ఒకసారి పేరు ఎక్కిందంటే లెక్క వేరు. ఆ చట్టంలోనే పదిహేనో సెక్షన్ ఉంది. నమోదులో తప్పు పడితే రిజిస్ట్రారు దిద్దవచ్చు. అసలు రాతని ముట్టుకోకూడదు, అంచున రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. ఇది చదివి నేను కాస్త తలదించుకున్నాను. బ్లేడుకి చోటే లేదు. పాత పేరూ కనిపిస్తుంది, దిద్దినవాడూ కనిపిస్తాడు. మా హెడ్మాస్టర్లకి ఈ బుద్ధి ఎవరైనా చెప్పుంటే బాగుండేది. అయితే అది తప్పు దిద్దే సెక్షను. సింహాద్రి అన్నది తప్పెలా అవుతుంది? తల్లిదండ్రుల మనసు మారింది, అంతే. మనసు మారితే ముందు గెజిట్ చేయించుకుని రండి అన్నారట రిజిస్ట్రారు దగ్గర. ఒక్కో ఆఫీసులో ఒక్కో మాట.

తొందరెందుకూ, పెద్దయ్యాక వాడే మార్చుకుంటాడులే అన్నాను. కుదరదన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టినతేదీ, పుట్టిన చోటు చెప్పేది ఇక జనన ధ్రువపత్రమే. బళ్లో చేరడానికి అదే, ఓటరు జాబితాకి అదే, డ్రైవింగ్ లైసెన్సుకి అదే, పెళ్లి నమోదుకి అదే, ప్రభుత్వోద్యోగానికి అదే. పాస్‌పోర్టు నిబంధనలు కూడా 2025లో ఆ దారికే వచ్చాయి. మా రోజుల్లో పదో తరగతి మెమో చక్రం తిప్పేది, ఇప్పుడు ఆ చక్రం పురిటి మంచం దగ్గరికే వచ్చేసింది. పైగా బళ్లల్లో అపార్ అని కొత్త సంఖ్య ఒకటి. ఆధార్‌లో ఉన్న పేరు, బడి రిజిస్టర్లో ఉన్న పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటైతేనే అది పుడుతుంది. మా వీధిలో ఉన్న టీచరమ్మ పాఠాలు మానేసి స్పెల్లింగులు దిద్దించుకు రమ్మని తల్లిదండ్రుల్ని ఆధార్ కేంద్రాల చుట్టూ తిప్పుతోంది. ఆ ఆధార్‌లో పేరు జీవితం మొత్తానికి రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. పూడిపెద్ది వారింట పుట్టి, దత్తతతో శ్రీరంగం వారై, శ్రీశ్రీ అయిన మా విశాఖపట్నం కవిగారు ఇప్పుడు పుట్టి ఉంటే ఆ రెండూ అక్కడికక్కడే ఖర్చైపోయేవి. గోత్రం పేరు తీసి కలం పేరు చేసుకున్న ఆత్రేయగారు, శివశంకర వరప్రసాద్‌గా వెళ్లి చిరంజీవిగా తిరిగొచ్చిన ఆ కుర్రాడు, వీళ్లందర్నీ మనం తెరమీద పేరు చూసి నమ్మేశాం. సరిపోయిందా లేదా?

పన్నెండు కాయితాల వరస ఏమిటంటే, మొదట స్టాంపు కాయితం మీద అఫిడవిట్. "ఫలానా మేము, ఫలానా వాడి తల్లిదండ్రులము, ఇకమీదట మా కుమారుడు అన్ని వ్యవహారములలోను ఫలానా పేరుతో వ్యవహరింపబడును." పిల్లవాడు మైనరు కనక ఇద్దరి సంతకాలూ ఉండాలి, పెద్దవాడైతే తన సంతకం తనదే. కింద నోటరీ ముద్ర. తరవాత ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన. పోయిన టెన్త్ మెమోలకీ బోర్లు వేసేవాళ్ల ప్రకటనలకీ మధ్య నా మనవడి పాత పేరు అచ్చయింది. రెండు కాపీలు కొని, కత్తిరించి, జాగ్రత్త చేశారు. తరవాత గెజిట్. రాష్ట్ర ప్రభుత్వానికి దాని గెజిట్ దానికుంది. అల్లుడు మాత్రం కేంద్రానిదే కావాలన్నాడు, రేపు విదేశాలకి పోతే ఏ ఊళ్లోనైనా చెల్లుతుందని. అది ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల శాఖకి వెళ్లాలి. దరఖాస్తు మీద ఇద్దరు సాక్షులు. ఒకణ్ణి నేను. నేను పెట్టిన పేరు కొట్టెయ్యడానికి సాక్షిని నేనే! అన్నింటికన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. విషయమంతా టైపు చేసి సీడీలో వేసి పంపాలని ఆ శాఖ వాళ్ల సూచనల్లో ఉండేది. గెజిట్ అచ్చు వెయ్యడం ఆపేసి కంప్యూటర్లోనే పెడుతున్నది 2015 నుంచి. సీడీ మాత్రం పంపాలి! మా అల్లుడి పద్దెనిమిది వేల జీతపు రోజుల్లో కొన్న పాత కంప్యూటరు అటక మీంచి దించి, దుమ్ము దులిపి, బొబ్బిలి అంతా తిరిగి ఖాళీ సీడీ ఒకటి సంపాదించాం. అమ్మిన కొట్టువాడు, "ఇంకా ఇవి ఎవరు కొంటారండీ" అని మమ్మల్ని పురావస్తు శాఖవాళ్లని చూసినట్టు చూశాడు.

సణుగుతున్నానని అన్నీ చెడ్డవని అనుకోకండి. 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, అది మన ఆంధ్రా కేసే. భర్త పోయి, పసిబిడ్డతో మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లి బిడ్డకి కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టుకుంది. పాత ఇంటిపేరే ఉండాలని, కాయితాల్లో ఇప్పటి భర్తని సవతి తండ్రి అని చూపాలని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి పోయాక బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లి, ఇంటిపేరు ఆవిడ నిర్ణయం, సవతి తండ్రి అని రాయించడం ఆ పిల్లవాడి మనసుని నలిపేసే క్రూరత్వం అంది. మా రోజుల్లో అయితే? మారుమనువు చేసుకున్నావిడ బిడ్డని బళ్లోకి తెస్తే మేము ముక్కు మీద వేలేసుకుని, "తండ్రి పేరేం రాయమంటావు" అని నలుగురి ముందూ అడిగేవాళ్లం. నేనే అడిగాను. అంతకు ముందేడు, 2021లో, పేరన్నది మనిషి గుర్తింపులో భాగం, పద్ధతి ప్రకారం వచ్చి అడిగితే మార్కుల మెమోల్లో సైతం మార్చవలసిందేనని సీబీఎస్ఈ పిల్లల కేసులో అదే కోర్టు చెప్పింది. ఈ రెండిటిలో నా ఓటు ఇప్పటి కాలానికే.

ఇంత సణిగాక నా పని కూడా ఒకటి మిగిలింది. మా పెన్షనర్ల సంఘంలో నాతోపాటు చేసిన లెక్కల మాస్టారు పోతే, పేరు తేడా వల్ల ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను కోసం ఏడు నెలలు తిరిగింది. అప్పుడు గుండె గుభేలుమని నా పెన్షను చెల్లింపు ఉత్తర్వు, అదే పీపీఓ, తీసి చూశాను. భార్య పేరు: జయలక్ష్మి. ఆవిడ ఆధార్ చూశాను. నరసమ్మ.

ఇది ఎలా జరిగిందంటే, ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన పేరు నరసమ్మ. మా అమ్మ అప్పలనరసమ్మ. కోడల్ని తిట్టాలంటే తన పేరు తనే తిట్టుకున్నట్టవుతుందని 1972లో గృహప్రవేశం నాడే మా అమ్మ కోడలి పేరు జయలక్ష్మి చేసేసింది. అప్పట్లో చాలా ఇళ్లల్లో జరిగేదే. ఎవరూ ఆవిణ్ణి అడిగినట్టు గుర్తు లేదు. నేను సర్వీసు రిజిస్టర్లో అదే రాయించాను. మరి నరసమ్మ ఎలా బతికిందీ అంటే, శేషన్ గారి రోజుల్లో ఓటుకి ఫోటో కార్డులని ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్నప్పుడు నేను బడిలో ఉన్నాను, మా అమ్మ పొలానికి వెళ్లింది. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది. "మీ పేరేమిటమ్మా" అని అడిగారు. చెప్పింది. ఓటరు కార్డు చూసి ఆధార్ ఇచ్చారు. ఇన్నేళ్లూ నేను వాటిని తిప్పి చూడలేదు.

అల్లుడూ అమ్మాయీ సంతకాలు పెట్టడానికి బొబ్బిలి కోర్టు దగ్గరున్న నోటరీ దగ్గరికి వెళుతుంటే, ఒకే ఆటోలో రెండు పనులూ అయిపోతాయని మేమిద్దరం కూడా ఎక్కాం. ఇంట్లోనే చక్కని దస్తూరీతో చిత్తుప్రతి తయారుచేసుకున్నాను: నరసమ్మ, జయలక్ష్మి ఒకరే, ఇకమీదట అన్నింటా జయలక్ష్మిగానే వ్యవహరింపబడును, ఆధార్ ఆ మేరకు మార్చుకోబడును. టైపు చేసే కుర్రాడు సగం కొట్టేశాక నోటరీ గారు కళ్లజోడు పైకెత్తి, నన్ను కాకుండా ఆవిణ్ణి చూసి, "అమ్మా, మీకు ఏ పేరు ఉంచాలి?" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఆవిడ అంతకు ముందే చెప్పేసింది.

"నరసమ్మండి."

కుర్రాడు కొట్టిందంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. మార్చవలసింది ఇప్పుడు ఆధార్ కాదు, నా పీపీఓ. ట్రెజరీకి వెళ్లాలి, దరఖాస్తు పెట్టాలి, నేనే తిరగాలి. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, పెన్ను నిలువుగా పట్టుకుని, అయిదో తరగతి దస్తూరీతో 'న' రాసి, 'ర' రాసి, 'స' దగ్గర ఒక్క క్షణం ఆగి, 'మ్మ' పూర్తిచేసింది. పక్క బల్ల దగ్గర మా మనవడు శ్రీహాన్ కాబోతూ స్టాంపు ప్యాడ్‌లో వేలు ముంచుతున్నాడు.

బయటికొచ్చాక నేను కాస్త గొంతు సవరించుకుని అడిగాను. "అయితే ఇంట్లో ఇకమీద నిన్ను ఏమని పిలవను?"

ఆవిడ నా కేసి తిరగనైనా తిరక్కుండా ఆటో కోసం చెయ్యెత్తింది.

"ఎప్పుడైనా పేరెట్టి పిలిచేరేటి నన్ను? 'ఇదిగో' అనే కదా. అదే అనండి."